కూలీబజారులో ఒక తీర్పు

కలకత్తా మైదానానికి దక్షిణపు కొసన, ఆదిగంగ అని జనం పిలుచుకునే టాలీ కాలువ హుగ్లీ నదిని కలిసే చోటికి చేరువలో, ఖిదిర్‌పూర్ వంతెన ఉన్నది. వంతెనకు దక్షిణాన రేవు, గోదాములు, మసీదులు, ఎప్పుడూ కిటకిటలాడే ఫ్యాన్సీ మార్కెట్టు. ఉత్తరాన, విలియం కోట వైపుగా, హేస్టింగ్స్ అనే పేట. ఆ పేటకు పూర్వం కూలీబజారు అని పేరు. 1775వ సంవత్సరం ఆగస్టు 5వ తేదీ శనివారం ఉదయం అక్కడ దాదాపు డెబ్బై ఏళ్ల బ్రాహ్మణుణ్ణి ఉరి తీశారు. ఆయనపై మోపిన నేరం దొంగ పత్రం సృష్టించడం. శిక్షకు ఆధారమైన శాసనం 1729లో ఇంగ్లండులో, ఆ దేశపు అవసరాల కోసం చేసుకున్నది. ఆయన పేరు మహారాజా నందకుమారుడు.

ఖిదిర్‌పూర్‌లో నేను ముప్పై ఏళ్లకు పైగా కాపురమున్నాను. మా తండ్రిగారు గార్డెన్ రీచ్‌లోని రైల్వే ప్రధాన కార్యాలయంలో గుమాస్తా. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుండి విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాలవారు ఆ కొలువుల కోసమూ, రేవులో మోత పనుల కోసమూ, జనపనార మిల్లుల కోసమూ కలకత్తా చేరడం పరిపాటి. నేను రేవులో సరుకుల కాగితాలు చూచే ఒక చిన్న సంస్థలో చేరాను. ట్రాము మైదానంలోని చెట్ల నీడన సాగి, హేస్టింగ్స్ దాటి ఖిదిర్‌పూర్ చేరేది. ఆ దారిన ఎన్ని వేలసార్లు వెళ్లి వచ్చానో చెప్పలేను. ఇక్కడ ఫలానావానికి ఉరి పడిందని తెలిపే రాతిపలక ఒక్కటి కూడా ఆ దారిలో నా కంట పడలేదు.

బడిలో చదువుకున్న చరిత్ర పుస్తకంలో నందకుమారునికి దక్కినవి రెండు పంక్తులు. తక్కిన కథ అలీపూరులోని జాతీయ గ్రంథాలయంలో, సెలవు దినాలలో కూర్చుని, పాత సంపుటాలు తిరగవేస్తూ తెలుసుకున్నాను. ఆ గ్రంథాలయం ఉన్న బెల్వెడేర్ తోట ఒకప్పుడు వారన్ హేస్టింగ్స్‌ది. నందకుమారుడు ఎవరిపై ఫిర్యాదు చేసి చెడ్డాడో ఆయన తోటలోనే, ఆయన చెట్ల గాలి పీలుస్తూ, ఆ ఫిర్యాదు కథ చదవడం నాకు వింతగానే ఉండేది.

1775 నాటి కలకత్తాను ఈనాటి మహానగరంగా ఊహించుకుంటే ఈ వ్యవహారం బోధపడదు. అది ఒక వర్తక సంఘం తన కోట చుట్టూ కట్టుకున్న సరిహద్దు పట్టణం. పేరుకు మొగలాయి చక్రవర్తి ప్రభువు. నవాబు ముర్షిదాబాదులో ఉన్నాడు. పెత్తనం మాత్రం కంపెనీది. ఏ చట్టం ఎక్కడివరకు చెల్లుతుందో అక్కడివారికే స్పష్టంగా తెలియదు. 1773లో బ్రిటిషు పార్లమెంటు చేసిన రెగ్యులేటింగ్ చట్టాన్ని అనుసరించి 1774 అక్టోబరులో నలుగురు న్యాయమూర్తులు ఓడ దిగారు. ప్రధాన న్యాయమూర్తి సర్ ఎలైజా ఇంపీ. ఘట్టంలో చెప్పులు లేని జనాన్ని చూచి, మన న్యాయస్థానం ఆరు నెలలు పనిచేస్తే వీరందరి కాళ్లకూ జోళ్లు, మేజోళ్లు వస్తాయని ఆయన పక్కవారితో అన్నాడని ఒక కథ. నిజమో కట్టుకథో గాని, ఆ న్యాయమూర్తుల మనసులోని ఉత్సాహానికి ఇంతకంటె చక్కని చిత్రం లేదు. న్యాయం తమ వెంట పెట్టెలో వచ్చిందని వారి నమ్మకం.

కొత్తగా చట్టం అడుగుపెట్టిన ఊళ్లలో పేరుమోసిన ముద్దాయి దొరికితే అందరి చూపూ అటే తిరుగుతుంది. అమెరికాలో న్యూ మెక్సికో ప్రాంతాన మెసిల్లా అనే చిన్న సరిహద్దు ఊరు ఉన్నది. 1881 ఏప్రిల్‌లో అక్కడ బిల్లీ ది కిడ్ అని లోకం పిలిచే యువకుణ్ణి, విలియం బ్రాడీ అనే షరీఫును చంపాడన్న అభియోగం మీద విచారించారు. రెండు రోజులలో విచారణ ముగిసింది, ఉరిశిక్ష పడింది. లింకన్ కౌంటీలో రెండు వర్తక ముఠాల నడుమ సాగిన ఆ పోరులో ఇరువైపులా చంపినవారు అనేకులు. శిక్ష పడినది మాత్రం అతనికొక్కడికే. ఆ నెల 28వ తేదీన అతడు ఇద్దరు కావలివాళ్లను చంపి తప్పించుకున్నాడు. జూలైలో తుపాకి గుండుకు బలి అయ్యాడు. అతడు హంతకుడన్నది వేరు సంగతి. బోనులో నిలబెట్టేందుకు ఊరికి ఒక మనిషి కావలసివచ్చింది, పేరున్నవాడు దొరికాడు.

నందకుమారుడు గుర్రమెక్కి దోచుకున్నవాడు కాడు. కాని ఆంగ్లేయుల కాగితాలలో ఆయన పేరు ఏ బందిపోటు పేరుకూ తీసిపోదు. 1841లో మెకాలే హేస్టింగ్స్‌పై రాసిన వ్యాసంలో నందకుమారుణ్ణి కపటానికి ప్రతిరూపంగా నిలిపి, ఆ నెపంతో వంగజాతి మొత్తాన్నీ నిందించాడు. ఆ వ్యాసం చదివి పెరిగిన తరాలవారికి నందకుమారుడంటే చరిత్రలోని ఒక దుష్టపాత్ర. ఇక మన దేశభక్తుల రాతలలో ఆయన నిష్కళంకుడైన త్యాగమూర్తి. రెండూ చదివిన తరువాత రెండింటిపైనా నాకు నమ్మకం పోయింది.

ఆయన సాధువేమీ కాదు. సిరాజుద్దౌలా కాలంలో హుగ్లీ ఫౌజుదారు. 1757లో ఆంగ్లేయులు ఫ్రెంచివారి చందన్‌నగర్‌పై దండెత్తినప్పుడు అడ్డుకోవలసిన స్థానంలో ఉండి అడ్డుకోలేదు. తరువాత మీర్ జాఫరు వద్ద దివాను. మహారాజా బిరుదు ఢిల్లీ చక్రవర్తి షా ఆలం ఇచ్చినది. కంపెనీ వసూళ్ల ఉద్యోగంలో ఒకప్పుడు హేస్టింగ్స్‌ను తప్పించి ఈయనను నియమించారు. పాతపగ అక్కడే మొదలయిందంటారు. రాజ్యాలు చేతులు మారే రోజులలో ఏ ఒడ్డున నిలబడాలో లెక్కవేసుకుంటూ బతికిన మనిషి ఆయన. అటువంటివారు ఆనాడు రెండు జాతులలోనూ మెండుగానే ఉన్నారు.

1775 మార్చి 11న ఆయన లేఖ ఒకటి కలకత్తా కౌన్సిలులో బయటపడింది. గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ 3,54,105 రూపాయలు లంచం తీసుకున్నాడన్నది దాని సారాంశం. మొత్తం చిల్లర రూపాయలతో సహా చెప్పడం చూచి నాకు నవ్వు వచ్చింది. లెక్కల మనిషి అంతే. కౌన్సిలులో క్లేవరింగ్, మాన్సన్, ఫ్రాన్సిస్ అనే ముగ్గురు హేస్టింగ్స్‌కు విరోధులు. వారు నందకుమారుణ్ణి పిలిచి వాంగ్మూలం విన్నారు. హేస్టింగ్స్ కోపించి సభ నుండి లేచి వెళ్లాడు. ఈ వేడి చల్లారకముందే, మే 6న, నందకుమారుణ్ణి అరెస్టు చేశారు. అయితే అభియోగం లంచం సంగతికి సంబంధించినది కాదు. బులాకీదాస్ అనే షరాబు 48,021 సిక్కా రూపాయలకు రాసి ఇచ్చినట్లున్న పత్రమొకటి ఆయన దొంగగా సృష్టించాడని మోహన్‌ప్రసాద్ అనే వ్యక్తి ఫిర్యాదు. బులాకీదాసు 1769లోనే చనిపోయాడు. ఆ పత్రం అంతకు ముందే సివిలు తగాదాలో నలిగిన పాతది. సరిగ్గా ఆ మే నెలలోనే అది ఉరికంబానికి ఎక్కదగినంత పెద్దదయింది.

జైలులో ఇతరులు మసలే చోట వండుకుని తినడం ఆచారవిరుద్ధమని ఆయన భోజనం మానివేశాడు. న్యాయమూర్తులు పండితులను పిలిపించి శాస్త్రం అడిగారు. మనిషి ప్రాణం ఇంగ్లీషు చట్టం చేతిలో, అన్నం మన శాస్త్రం చేతిలో.

జూన్ 8న విచారణ మొదలయింది. న్యాయస్థానం ఉన్న ఆ పాత భవనం ఇప్పుడు లేదు. ఆ స్థలంలో డల్హౌసీ చౌకు వద్ద సెయింట్ ఆండ్రూస్ చర్చి నిలిచి ఉన్నది. ఉదయం ఎనిమిది నుండి రాత్రి పొద్దుపోయేవరకు, ఆదివారం కూడా విడువక సాగించారు. కలకత్తాలో జూన్ నెల ఎట్లుంటుందో అక్కడ ఉన్నవారిని అడగాలి: గాలి కదలదు, చెమట ఆరదు. ఆ ఉక్కలో న్యాయమూర్తులు ఇంగ్లండులోవలె బరువైన జుట్టుటోపీలు, ఎర్రని అంగీలు ధరించి, పూటకు ఇన్నిసార్లని లోనికి వెళ్లి చొక్కాలు మార్చుకునేవారట. నలుగురు న్యాయమూర్తులలో లెమెయిస్టర్, హైడ్ అనే ఇద్దరు మెజిస్ట్రేటులుగా ఆయనను జైలుకు పంపినవారే. ఇప్పుడు మళ్లీ వారే పీఠం మీద.

నిన్ను ఎవరిచేత విచారింపజేయాలని ముద్దాయిని అడగడం ఇంగ్లీషు పద్ధతి. దేవుని చేత, నా సాటివారి చేత అని నందకుమారుడు చెప్పించాడు. నీ సాటివారంటే ఎవరని న్యాయస్థానం మళ్లీ అడిగింది. ఆ సంగతి న్యాయస్థానానికే విడిచిపెడుతున్నామన్నాడు ఆయన న్యాయవాది. జ్యూరీలో కూర్చున్న పన్నెండుమందిలో బెంగాలీ ఒక్కడు లేడు. ఇంపీ ఈ విషయంలో కొత్తగా చేసినది ఏమీ లేదు. చట్టం ప్రకారం జ్యూరీకి అర్హులు బ్రిటిషు ప్రజలే. ఆ ప్రశ్న అడగడం కూడా చట్టమే. రెండూ చట్టమే కావడంలోనే ఉన్నది తమాషా అంతా.

ఇక దుబాసీ సంగతి. పాఠకులు ఓపిక పట్టాలి. ఈ కథలో నన్ను పట్టి నిలిపినది ఇదే. సాక్షులు చెప్పేది బంగ్లా, ఫార్సీ, హిందుస్తానీ భాషలలో. న్యాయమూర్తులకూ జ్యూరీకీ తెలిసినది ఇంగ్లీషు. న్యాయస్థానం వారి దుబాసీకి ఆ భాషలు చాలినంత రావు. అందుచేత అలెగ్జాండర్ ఎలియట్ అనే ఉద్యోగిని ఆ పని చేయమన్నారు. ఇతడు మా కక్షిదారు శత్రువులని భావించేవారితో సంబంధం ఉన్నవాడని ముద్దాయి తరఫున అభ్యంతరం వచ్చింది. ఎలియట్ హేస్టింగ్స్‌కు మిత్రుడన్న మాట ఊరంతటికీ తెలిసినదే. ప్రధాన న్యాయమూర్తికి కోపం వచ్చింది. ఒక పెద్దమనిషి శీలాన్ని శంకించడమేమిటన్నాడు. జ్యూరీవారు ఎలియటే కావాలన్నారు. న్యాయవాది వెనుకకు తగ్గాడు. ఎనిమిది రోజులపాటు, సాక్షుల మాటలు ఆ యువకుని నోటిమీదుగానే జ్యూరీ చెవికి చేరాయి. ఎలియట్ నిజాయతీగా పనిచేసినవాడే అని చదివిన మీదట నా అభిప్రాయం. కాని ప్రశ్న అది కాదు.

దుబాసీ పనిలో ఉండే బరువు నాకు స్వయంగా తెలుసు. రేవులో మన ప్రాంతపు కూలీలు కేసులలో చిక్కుకున్నప్పుడు తెలుగూ బంగ్లా రెండూ తెలిసినవాడినని నన్ను పిలిచేవారు. అది ఉద్యోగం కాదు, జీతం లేదు. మనవాళ్లు గదా అని వెళ్లేవాణ్ణి. 1970 దశకంలో ఒకమారు శ్రీకాకుళం వైపు నుండి వచ్చిన ఒక మోతకూలీపై సరుకు దొంగతనం కేసు వచ్చింది. నేను వెళ్లేసరికి అతని వాంగ్మూలం కాగితంపై ఎక్కి ఉన్నది. నాలుగు తెలుగు ముక్కలు వచ్చిన వారెవరో చెప్పగా, బస్తా దొంగిలించానని అతడు ఒప్పుకున్నట్లు రాశారు.

నేను అతణ్ణి మళ్లీ అడిగాను. “బస్తా నానే ఎత్తినాను బాబూ. దించకముందే పట్టుకున్నారు,” అన్నాడు. మోతకూలీ భాషలో ఎత్తడమంటే బస్తా తలకెత్తుకోవడం. ఎత్తడం, దించడం అనే రెండు మాటల మధ్యనే వాళ్ల దినమంతా గడుస్తుంది. కూలి లెక్క కూడా వాటి మీదనే. కాని పట్నం తెలుగులో ‘ఎత్తేశాడు’ అంటే దొంగిలించాడని అర్థం. నేను మెజిస్ట్రేటుగారికి ఈ తేడా వివరించాను. ఆయన కొంతసేపు నన్ను చూచి, “మరి ఈ రెండింటిలో అతడు ఏది ఉద్దేశించాడు?” అని అడిగారు. మాట రెండు విధాలా ఉన్నదనీ, అతని వృత్తి ఏదో తమరు చూడవచ్చుననీ చెప్పాను. ఆయన రెండు అర్థాలూ రాసుకున్నారు. మూడు వాయిదాల తరువాత అతణ్ణి విడిచిపెట్టారు. నా వివరణ వలన కాదు. గోదాములో బస్తాలు లెక్కపెడితే లెక్క సరిపోయింది.

బయటికి వచ్చాక అతడు నాకు దండం పెట్టలేదు, టీ తాగమనలేదు. ఒకే మాట అడిగాడు: “నానేటన్నానని రాసుకున్నారు బాబూ?” నెలరోజులుగా అతణ్ణి పీడించినది కేసు ఏమవుతుందన్న దిగులొక్కటే కాదు, తనకు తెలియని భాషలో, తన పేరు కింద, తన మాటగా ఏమి రాసి ఉన్నదోనన్న దిగులు. నేను బంగ్లాలో రాసినదంతా తెలుగులో చెప్పాను. రెండుసార్లు చెప్పించుకున్నాడు.

నందకుమారుని కేసు కాగితాలు చదివేటప్పుడు ఆ ప్రశ్నే నాకు వినిపించేది. ఆయన ఫార్సీ బాగా చదివినవాడు. ఉత్తరాలు రాయడంలో, లెక్కలు వేయడంలో, కొలువులో మాట్లాడడంలో ఆరితేరినవాడు. ఆ ఎనిమిది రోజులూ తన ప్రాణం గురించి జరుగుతున్న వాదం ఆయనకు ముక్కలుముక్కలుగా తప్ప అందలేదు. పైగా ఆనాటి ఇంగ్లీషు చట్టంలో ఇటువంటి నేరాలలో ముద్దాయి న్యాయవాది న్యాయసూత్రాల మీద మాట్లాడవచ్చు గాని, వాస్తవాల మీద జ్యూరీకి ఉపన్యసించరాదు. ఫారర్ అనే ఆయన న్యాయవాది అనుమతి అడిగాడు, నిరాకరించారు. ఇంగ్లండులోనే ఈ నియమం తొలగడానికి 1836 వరకు పట్టింది. ఫిర్యాది తరఫు న్యాయవాది అంత సమర్థుడు కాకపోవడంతో ముద్దాయి సాక్షులను న్యాయమూర్తులే గుచ్చిగుచ్చి ప్రశ్నించారు. ముద్దాయికి మాట లేదు. పీఠం మీద మాత్రం నాలుగు నోళ్లు.

సాక్ష్యంలో కీలకం కమాలుద్దీన్ అనే వ్యక్తిది. పత్రం మీద సాక్షిగా పడిన ముద్ర నాదే, కాని నేను వేయలేదు, నా ముద్ర నందకుమారుని వద్ద ఉండిపోయిందని చెప్పాడు. ముద్దాయి సాక్షులు, ఆ సంతకం చేసినవాడు ఇతడు కాదు, ఆ పేరే గల మరొకడు, చనిపోయాడని చెప్పారు. ఇటువంటి సాక్ష్యాలు మన కోర్టులలో తిరిగినవారికి కొత్త కావు. ఎవరు నిజం చెప్పారో ఆ రెండు వందల పుటలు చదివి తేల్చడం ఎవరి తరమూ కాదు. జ్యూరీ మాత్రం జూన్ 16 తెల్లవారుజామున తేల్చింది: నేరస్థుడు.

శిక్ష ఒకటే ఉన్నది. 1729 నాటి శాసనం ప్రకారం ఫోర్జరీకి ఉరి. ఇంగ్లండులో ఆ శాసనాన్ని నిర్దాక్షిణ్యంగా అమలు జరిపేవారు. 1777లో డాక్టర్ డాడ్ అనే మతబోధకుణ్ణి, శామ్యూల్ జాన్సన్ అంతటివాడు ప్రాధేయపడినా వినక, అదే నేరానికి ఉరి తీశారు. అక్కడ వ్యాపారమంతా కాగితం మీద నడిచేది. దొంగ కాగితమంటే వారికి అంత భయం. కాని మన దేశంలో ఈ నేరానికి ప్రాణం తీయడం హిందూ ధర్మశాస్త్రంలో లేదు, మహమ్మదీయ న్యాయంలో లేదు. పదేళ్ల ముందు, 1765లో, రాధాచరణ్ మిత్రుడనే వానికి కలకత్తాలో ఇదే నేరానికి ఉరిశిక్ష విధిస్తే, ఊరి పెద్దలు దిగ్భ్రాంతి చెంది అర్జీ పెట్టుకోగా క్షమించారు. అంటే ఆ శాసనం కాగితం మీద ఉన్నదేగాని దాని కోర ఎవరినీ కొరకలేదు. న్యాయమూర్తులలో ఛేంబర్స్ ఒక్కడు, ప్రాణం తీయని పాత శాసనం కింద విచారిద్దామన్నాడు. తక్కిన ముగ్గురు ఒప్పుకోలేదు. పై న్యాయస్థానానికి నివేదించేవరకు ఉరి ఆపే అధికారం న్యాయమూర్తులకు ఉన్నది. ఆపలేదు.

1885లో జేమ్స్ స్టీఫెన్ అనే న్యాయకోవిదుడు రెండు సంపుటాలు రాసి, విచారణ న్యాయంగానే జరిగిందని నిరూపించబోయాడు. బెంగాలులో జడ్జీగా పనిచేసిన బెవరిడ్జి మరుసటి ఏడాదే మరో పుస్తకం రాసి దాన్ని ఖండించాడు. నా మట్టుకు, ఆయన పత్రం సృష్టించి ఉండవచ్చునని తోస్తుంది. ఇంపీ, హేస్టింగ్స్ కూడబలుక్కున్నారని చెప్పే ఆధారం నాకు కనిపించలేదు. ఇద్దరూ చిన్ననాడు వెస్ట్‌మినిస్టర్ బడిలో సహాధ్యాయులన్న మాట నిజమే అయినా, అంతమాత్రాన కుట్ర రుజువు కాదు. అంత కుట్ర అవసరం కూడా లేదు. గవర్నర్ జనరల్‌పై ఫిర్యాదు చేసిన కొద్ది నెలలలోనే, ఆ ఫిర్యాది పాత తప్పు ఒకటి ఉరితాడై బిగిస్తే, ఇక ఆ ఊళ్లో మరొకడు నోరెత్తుతాడా? కౌన్సిలులో హేస్టింగ్స్‌పై ఆరోపణలు చేయడానికి ఉవ్విళ్లూరినవారందరూ ఆ తరువాత ఇళ్లలోనే ఉండిపోయారు.

పేరు మోసినవాడన్న ముద్ర ఎంతకాలం నిలుస్తుందో చెప్పడం కష్టం. మన మన్యంలో అల్లూరి సీతారామరాజుతో కలిసి పోరాడిన గాం మల్లుదొరకు ప్రభుత్వం మరణశిక్ష విధించి, తరువాత యావజ్జీవంగా మార్చింది. సర్కారు రికార్డులలో ఆయన ఫితూరీదారు. 1952లో ఆ మల్లుదొరే విశాఖపట్నం నుండి తొలి లోక్‌సభకు ఎన్నికై ఢిల్లీలో కూర్చున్నాడు. సీతారామరాజుకు ఆ విచారణపాటి భాగ్యమైనా లేదు. 1924 మే 7న కొయ్యూరులో పట్టుకుని కాల్చివేశారు. నందకుమారునికి విచారణ దక్కింది, ఎనిమిది రోజులు.

ఉరినాటి సంగతులు షరీఫు మెక్రబీ రాసి ఉంచాడు. అతడు ఫ్రాన్సిస్‌కు బావమరిది; శిక్ష అమలు జరపడం ఉద్యోగధర్మం. ముందటి సాయంత్రం జైలుకు వెళ్లి చూస్తే ముసలాయన నిబ్బరంగా మాట్లాడాడట. షరీఫు వెళ్లిన తరువాత కూర్చుని లెక్కల కాగితాలు చూచుకున్నాడట. మరునాడు ఉదయం పల్లకిలో కూలీబజారుకు బయలుదేరాడు. దారి పొడుగునా జనం. తన దేహాన్ని బ్రాహ్మణులే తాకాలని కోరాడు. చేతులు కడతారు గనుక సంజ్ఞ ఎట్లా చేస్తావని అడిగితే, కాలితో చేస్తానన్నాడు. చేతులు కట్టడానికి తాడు బదులు రుమాలు వాడారు. ముఖానికి గుడ్డ తన మనిషే కప్పాలన్నాడు, అట్లే జరిగింది. మెట్లు ఎక్కేటప్పుడు ఎవరి ఊతా తీసుకోలేదు. జనం గోడుగోడున ఏడ్చి, పాపం కడుక్కోవడానికి హుగ్లీలో దూకారని మెకాలే రాశాడు. ఆ తరువాత కొందరు బ్రాహ్మణ కుటుంబాలవారు కలకత్తా నీళ్లు ముట్టమని నది దాటి బాలీకి తరలిపోయారని అక్కడివారు చెప్పుకుంటారు.

ఇంపీని 1783లో వెనుకకు పిలిచారు. 1787లో అతనిపై మహాభియోగం పెట్టాలని పార్లమెంటులో ప్రతిపాదన వచ్చింది. అందులో మొదటి అభియోగం నందకుమారుని ఉరి. ప్రతిపాదించినవాడు సర్ గిల్బర్ట్ ఎలియట్. ఆయన, విచారణలో దుబాసీగా కూర్చున్న అలెగ్జాండర్ ఎలియట్‌కు అన్న! తమ్ముడు 1778లోనే చనిపోయాడు. తమ్ముని నోటిమీదుగా వినబడిన మాటల మీదనే తీర్పు ఇచ్చిన న్యాయమూర్తిని అన్న బోనెక్కించబోయాడు. 1788 మేలో 55 ఓట్లకు 73 ఓట్లతో ఇంపీ గట్టెక్కాడు.

నందకుమారుని స్వంత మాట, జైలులో ఆయన చివరిగా రాయించినది, ఒక్కటి ఉండేది. ఉరికి ముందు కౌన్సిలుకు ఫార్సీలో పంపుకున్న అర్జీ అది. క్లేవరింగ్ దాన్ని ఆగస్టు 4న అందుకుని, ఇంగ్లీషులోకి మార్చి చెప్పించుకోకుండానే ఉంచి, మనిషి పోయిన తొమ్మిది రోజులకు, 14న, కౌన్సిలు బల్లపై పెట్టాడు. గవర్నరూ న్యాయమూర్తులూ కలిసి తన ప్రాణం తీస్తున్నారన్నది అందులోని మాట. ఇది న్యాయమూర్తులకు అపవాదు గనుక తలారి చేత బహిరంగంగా తగలబెట్టించాలన్న ప్రతిపాదన చేసినది, మార్చి నెలలో నందకుమారుని ఫిర్యాదును స్వయంగా కౌన్సిలుకు తెచ్చిన ఫ్రాన్సిసే. ఆ ఆగస్టులోనే కాల్చివేశారు. అనువాదాలను కూడా నాశనం చేయమన్నారు గాని, ఒక ప్రతి హేస్టింగ్స్ ద్వారా ఇంపీకి చేరింది. 1788లో తనను తాను సమర్థించుకోవడానికి ఇంపీ దానిని పార్లమెంటు ముందు చదివాడు. ఆయన అసలు ఏమన్నాడో తెలిపే ఫార్సీ ప్రతి కాలిపోయింది. మిగిలినది ఇంగ్లీషు తర్జుమా.